రేట్లు పంపాం, స్పామ్‌లో పడ్డాయి

మాది కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారం. ఆఫీసు పనంతా నాదే. దసరా ముందు హైదరాబాద్‌లో ఒక స్వీట్ షాపాయనకి గుండు పప్పుకి, బద్దకి విడివిడిగా రేట్లు రాసి మెయిల్ పెట్టాను. మూడు రోజులైనా ఉలుకూ పలుకూ లేదు. ఫోన్ చేస్తే, "మీ మెయిలే రాలేదమ్మా, వేరేచోట ఆర్డరిచ్చేశాం" అన్నారు. స్పామ్‌లో చూడమంటే అక్కడుంది. అంతకుముందు నెల బిల్లులు కూడా అక్కడే.

"వాట్సాప్‌లో పెట్టేస్తే పోలా" అన్నారు మా ఓనరు గారు. పెద్ద పార్టీల అకౌంట్స్ వాళ్లు ఒప్పుకోరు, బిల్లు మెయిల్‌లోనే రావాలంటారు.

ముందు సబ్జెక్టులో 'అర్జెంట్', 'బెస్ట్ ఆఫర్' లాంటివి తీసేసి చూశాను. రెండు రోజులు దండగ. మీరు అక్కడ మొదలుపెట్టకండి. కంపెనీ మెయిల్ నుంచి మీ సొంత జీమెయిల్‌కి ఒకటి పంపుకుని, కంప్యూటర్‌లో తెరిచి, మూడు చుక్కలు నొక్కి 'షో ఒరిజినల్' చూడండి. పైన ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు వరుసలుంటాయి. మెయిల్ నిజంగా మన దగ్గర్నుంచే వచ్చిందా అని చూసే పరీక్షలవి. మూడింటి పక్కనా 'పాస్' అని ఉండాలి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి వెళ్లే బిల్లును కూడా విడిగా ఇలాగే చూడాలి, అది వేరే సర్వర్ నుంచి వెళ్తుంది.

నాకు ఎస్‌పీఎఫ్ దగ్గర 'పర్మ్‌ఎర్రర్' అని వచ్చింది, అంటే రికార్డులోనే తప్పుందని. మన డొమైన్ (మెయిల్ అడ్రసులో @ తర్వాత ఉండే పేరు) పేరుతో ఏయే సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పే జాబితా ఎస్‌పీఎఫ్. డొమైన్ కొన్నచోట, ఆ పేరు తాలూకు సెట్టింగులుండే డీఎన్‌ఎస్ పేజీలో టీఎక్స్‌టీ రికార్డుగా (అక్షరాల్లో రాసిన ఒక లైనుగా) ఉంటుంది. మెయిల్ కంపెనీ ఇచ్చిన రికార్డు ముందే ఉండగా, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాళ్లిచ్చిన లైను తెచ్చి దాని కింద ఇంకో రికార్డుగా అతికించింది నేనే. ఒక డొమైన్‌కి ఎస్‌పీఎఫ్ ఒక్కటే ఉండాలి. రెండుంటే రెండూ చెల్లవు. రెండో దాంట్లోని 'ఇన్‌క్లూడ్' ముక్కను మొదటి దాంట్లో, చివరి 'ఆల్'కి ముందు పెట్టి, రెండోది తీసేశాను. సర్వీసులు ఎక్కువ వాడేవాళ్లు ఇంకోటి గమనించాలి: ఆ రికార్డు చదవడానికి పదికి మించి డీఎన్‌ఎస్ వెతుకులాటలు పడితే కూడా ఇదే ఎర్రర్.

డీకిమ్ మెయిల్ మీద సంతకం లాంటిది. మెయిల్ అడ్మిన్ పేజీలో కీ ఇస్తారు, దాన్ని డీఎన్‌ఎస్‌లో పెట్టి, మళ్లీ అడ్మిన్ పేజీకొచ్చి ఆన్ చేయాలి. ఆ ఆఖరి నొక్కుడు నేను మర్చిపోయాను. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి కూడా మన డొమైన్‌తో డీకిమ్ పెట్టించండి. పంపినవాళ్లుగా పైకి కనపడే డొమైన్, ఎస్‌పీఎఫ్‌లోనో డీకిమ్‌లోనో పాసైన డొమైన్ ఒకటేనా అని చూసేది డీమార్క్. అందుకే ఇది పెట్టించకపోతే ఎస్‌పీఎఫ్ పాసై డీమార్క్ ఫెయిలయ్యే అవకాశం ఉంది, ఎందుకంటే లోపల రిటర్న్-పాత్‌లో (మెయిల్ చేరకపోతే తిరిగొచ్చే అడ్రసులో) ఉండేది వాళ్ల పేరు.

ఫెయిలైన మెయిల్‌ని ఏం చేయాలో కూడా డీమార్క్‌లోనే చెప్పాలి, దాన్ని 'నన్' (ఏమీ చేయొద్దు) పాలసీతో మొదలుపెట్టండి. తొందరపడి 'రిజెక్ట్' పెడితే మన బిల్లులే వెనక్కొస్తాయి. మార్పులు అన్నిచోట్లా కనపడటానికి 48 గంటల దాకా పట్టొచ్చు, గంటకోసారి చూసుకుని టెన్షన్ పడకండి.

ఈలోగా పాత పార్టీలకి ఫోన్ చేసి 'నాట్ స్పామ్' నొక్కమని అడగండి. ఎగ్జిబిషన్‌లో దొరికిన విజిటింగ్ కార్డులన్నిటికీ పండగ శుభాకాంక్షలు మాత్రం పంపకండి. విసుగొచ్చి వాళ్లు స్పామ్ నొక్కితే దెబ్బ మన డొమైన్‌కే. జీమెయిల్‌కి రోజుకి 5,000 మెయిళ్లు పంపేవాళ్లకి 2024 ఫిబ్రవరి నుంచి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ తప్పనిసరి. మనలా ఇరవై ముప్పై పంపేవాళ్లకైనా ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో ఒకటి ఉండాల్సిందే.

సంక్రాంతి ముందు అదే షాపుకి మళ్లీ రేట్లు పంపి, నమ్మకం చాలక ఫోన్ కూడా చేశాను. "ఇన్‌బాక్స్‌లోనే ఉందమ్మా. రేటే కొంచెం ఎక్కువుంది" అన్నారాయన.