సంక్రాంతికి ఊరెళ్ళి మందు ముట్టకుండా తిరిగి రావాలంటే

మానేసి కొన్నాళ్ళే అయింది, ఈలోపు పండగ వచ్చిపడింది, ఊరెళ్తే ఏమైపోతామో అని భయపడుతున్నారా, అయితే ఇది మీకోసమేనండి. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మానేసిన రెండు నెలలకి వచ్చిన మొదటి సంక్రాంతికే నేను మళ్ళీ తాగేశాను, నోరు పట్టుకుని ఎవరూ పోయలేదు, కనుమ మధ్యాహ్నం మా మావయ్య "ఏరా అల్లుడూ, నేనిస్తే కూడా కాదంటావా" అన్నాడు, ఆయన మొహం చూసి కాదనలేకపోయాను, ఆ ఒక్క పెగ్గుతో మొదలైంది ఏప్రిల్ దాకా ఆగలేదు. ఆ తర్వాత మూడు సంక్రాంతులు చుక్క ముట్టకుండా గడిపాను, అందులో తెలుసుకున్నదే ఇది.

ముందు ఒకటి చెప్పాలి, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఇప్పటికీ రోజూ గట్టిగా తాగుతున్నవాళ్ళు భోగి పొద్దున్నుంచి మానేస్తా అని ఒక్కసారిగా ఆపేయకండి. చేతులు వణకడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదటి రోజే మొదలవుతాయి, రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు, మూడో రోజుకి కొంతమందికి లేని మనుషులు కనపడతారు, ప్రాణం మీదకి వస్తుంది. పండక్కి ముందే డాక్టర్ని కలిసి మందులతో మానాలి. 14446 అని టోల్ ఫ్రీ డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ ఉంది, ఎవరికీ చెప్పుకోలేకపోతే కనీసం దానికి ఫోన్ చేయండి.

ఇక అసలు విషయం. మనవైపు మర్యాద సంగతి తెలిసిందే కదా, ఇంటికొచ్చినోడి చేతిలో ఏదో ఒకటి పెట్టందే వాళ్ళకి మనసొప్పదు. మనం "వద్దు" అంటే వాళ్ళకి మందు వద్దన్నట్టు వినపడదు, వాళ్ళనే వద్దన్నట్టు వినపడుద్ది, ఇక బతిమాలడం, ఒట్టు పెట్టడం, అలగడం అన్నీ మొదలు. అందుకే వద్దు అనకండి, ఇంకోటి అడగండి. గుమ్మంలో అడుగు పెడుతూనే "అత్తా, మజ్జిగుంటే ఉప్పేసి ఇవ్వు", "బావా, ఒక బొండం కొట్టించు" అని మీరే ముందు అడిగేయాలి. అడిగింది పెట్టామన్న తృప్తి వాళ్ళకి ఉంటుంది, మీ చెయ్యీ ఖాళీగా ఉండదు.

నన్నడిగితే బొండాన్ని మించింది లేదు. మా పెదనాన్న గారి దొడ్లో అప్పుడే దింపిన గెలలోంచి ఒకటి లాగి, కత్తితో చుట్టూ మూడు దెబ్బలు చెక్కి, నాలుగో దెబ్బకి మూత లేపి, నీళ్ళు మోచేతి మీదకి కారుతుండగానే చేతిలో పెడతారు. కింద పెడదామంటే ఒలికిపోతుంది, కాబట్టి రెండు చేతులూ దానికే. తాగాక దాన్ని చీల్చి, ఆ చెక్కతోనే లేత మీగడ గీరుకుని తినేసరికి దగ్గర దగ్గర అరగంట అవుతుంది. గండం ఆ అరగంటేనండి, అందరికీ మొదటి రౌండ్ పోసేది అప్పుడే, రెండో రౌండ్ దాటాక మీ చేతిలో ఏముందో చూసేవాడే ఉండడు. కాకపోతే మీ కళ్ళముందు కొట్టిన బొండమే తాగండి, వోడ్కా కలిపి ఇచ్చే సరదాగాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. కూల్‌డ్రింక్ అయినా అంతే, మూత మీరే తియ్యాలి. ఆల్కహాల్ లేని బీరు మాత్రం నేను ముట్టను, ఆ చేదు నాలిక్కి తగిలితే నాకు పాతవన్నీ గుర్తొస్తాయి.

ఎందుకు తాగట్లేదు అంటే "యాంటీబయాటిక్స్ వాడుతున్నా" అని అబద్ధం చెప్పొద్దు, ఆ కోర్సు ఎప్పుడు అయిపోద్దిరా అని కనుమ నాడు మళ్ళీ అడుగుతారు. బాగా దగ్గరోళ్ళకి ఊరెళ్ళే ముందే ఫోన్లో నిజం చెప్పేయండి, ఒక్కరినైనా మీ వైపు పెట్టుకోండి. నాకు మా బామ్మర్ది ఉన్నాడు, ఎవరైనా గ్లాసు చాపితే "బావగారు మానేశారండి, ఆయ్" అని నవ్వుతూ వాడే చెప్పేస్తాడు. మిగతావాళ్ళకి "మానేశానండి" అన్న ఒక్కమాట చాలు, కారణాలు చెప్పేకొద్దీ వాదన పెరుగుతుంది.

భోగికి, సంక్రాంతికి అంత ఇబ్బంది ఉండదు, మంటలు, తలంట్లు, భోగిపళ్ళు, పెద్దలకి పెట్టుకోవడాలు, ఏదో ఒక పని ఉంటుంది. కనుమే కష్టం. మినప గారెలు, నాటుకోడి తిని పడుకుందామంటే నిద్ర రాదు, కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి ఊరు దాటనివ్వరు, ఫ్రెండ్స్ అంతా కోడిపందేల బరి దగ్గరో చెరువు గట్టు మీదో ఉంటారు. ఆ మధ్యాహ్నానికి పని ముందే పెట్టుకోండి. నేను పోయినేడాది మా నాన్నమ్మ గొణుగుతున్నా చించినాడ బ్రిడ్జి దాటి జగ్గన్నతోట ప్రభల తీర్థానికి, అదే వెదురుతో కట్టి అలంకరించిన ప్రభల మీద దేవుళ్ళని మోసుకొచ్చే జాతరకి, వెళ్ళాను, పదకొండు ప్రభలు ఒక్కచోట చేరితే ఆ జనంలో సాయంత్రం ఎలా అయిందో తెలీలేదు. బరి వైపు మాత్రం మొదటి ఏడాది అస్సలు పోవద్దు, గెలిచినోడు పోయిస్తాడు, ఓడినోడు తోడు రమ్మంటాడు. చెరువు మీదకి రమ్మని పిలిస్తే మీ బండి మీదే వెళ్ళండి, ఇంకొకడి కారెక్కితే అర్ధరాత్రి దాకా అక్కడే ఇరుక్కుపోతారు.

అయినా నాలుక పీకుతుంది. ఆ కోరిక మామూలుగా ఇరవై నిమిషాలో అరగంటో ఉండి తగ్గుతుంది, ఆ కాసేపు కాలవ గట్టు మీద నడవండి, ఎవరికైనా ఫోన్ చేయండి. ఆకలితో, నిద్రలేకుండా ఉంటే మాత్రం ఇంకా పీకుతుంది, కాబట్టి ఎక్కడికెళ్ళినా తినే వెళ్ళాలి. ఒకవేళ ఒక గుక్క పడిపోయినా ఎలాగూ పోయింది కదా అని బాటిల్ పూర్తి చేయకండి, లేచి ఇంటికొచ్చేయండి.

ఇంట్లోవాళ్ళకి కూడా ఒక మాట. మానిపించే మాత్రలని కూరలో, టీలో కలిపి తెలీకుండా పెట్టకండి. ఆ మాత్రల్లో ఉండే డైసల్ఫిరామ్ అనే మందు ఒంట్లో ఉండగా మనిషి తాగితే వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం, చావు దాకా వెళ్ళొచ్చు.

తిరుగు ప్రయాణం కూడా పండగలో భాగమే అనుకోండి. నరసాపురం నుంచి హైదరాబాద్ రైలెక్కాక భీమవరం దాటకముందే థమ్సప్ బాటిల్లో కలిపింది పక్క బెర్తుల మధ్య తిరుగుతుంది. నేను పై బెర్తు బుక్ చేసుకుని, అమ్మ కట్టిచ్చిన పులిహోర ముందే తినేసి, నా నీళ్ళ సీసా తలదగ్గర పెట్టుకుని పడుకుంటా.