పాత కంప్యూటర్‌కు గ్రాఫిక్స్ కార్డు మార్చే ముందు

ముప్పై ఏళ్ల కిందటి కంప్యూటర్‌కు ఇంకాస్త మంచి గ్రాఫిక్స్ కార్డు వేద్దామనుకున్నప్పుడు మనసంతా కార్డు మీదే ఉంటుంది. ప్రమాదం మాత్రం ఎక్కువగా మదర్‌బోర్డుకే. కార్డు పోతే వెతుక్కుంటే ఇంకోటి దొరుకుతుంది. మీరు చిన్నప్పుడు వాడిన ఆ బోర్డు మళ్లీ దొరకదు. అందుకే ఈ జాగ్రత్తలన్నీ బోర్డు వైపు నుంచే చెబుతున్నాను.

కేసు విప్పగానే కార్డులు గుచ్చే స్లాట్ల కంటే ముందు బ్యాటరీ చూడండి. చాలా 386, 486 ప్రాసెసర్ల బోర్డుల్లో కీబోర్డు కనెక్టర్ దగ్గర చిన్న పీపాలాంటి నికెల్-కాడ్మియం బ్యాటరీ టంకం వేసి ఉంటుంది. కమొడోర్ కంపెనీ కంప్యూటర్లయిన అమిగా 2000, 3000, 4000 బోర్డుల మీదా ఇలాంటిదే ఉంటుంది. అది కారితే ఆ క్షారం రాగి గీతల్నీ, దగ్గరున్న స్లాట్ల పిన్నుల్నీ తినేస్తుంది. ఆకుపచ్చ మరకలు, తెల్లటి పొక్కులు కనిపిస్తే కార్డు సంగతి పక్కన పెట్టండి. చేతికి గ్లవ్స్ వేసుకుని బ్యాటరీని కత్తిరించి తీసేయండి. మరకను కాస్త వెనిగర్‌తో తుడిచి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేసి, పూర్తిగా ఆరనివ్వండి. ఇంకా కారకపోయినా సరే, తీసేయడమే మేలు.

ఇక స్లాట్లు. నల్లటి పొడవాటి స్లాట్ ఒకే ముక్కగా ఉంటే అది 1981 నాటి ఐబీఎం పీసీతో వచ్చిన 8 బిట్ల ఐఎస్‌ఏ. దాని వరసలోనే ఇంకో చిన్న ముక్క ఉంటే 1984లో వచ్చిన 16 బిట్లది. కొన్ని 16 బిట్ల వీజీఏ (రంగుల తెరకు అప్పటి ప్రమాణం) కార్డులు తోక బయటికి వేలాడుతున్నా 8 బిట్ల స్లాట్‌లో పనిచేస్తాయి, కొన్ని చేయవు. పనిచేసే వాటిలోనూ ఇంకో చిక్కుంది: కార్డు మీది బయాస్‌లో (కార్డును మేల్కొలిపే ప్రోగ్రామ్‌లో) 286 ప్రాసెసర్ ఆదేశాలు వాడి ఉంటే, అంతకంటే పాత 8088 ప్రాసెసర్ ఉన్న యంత్రంలో అది నడవదు. 8088తో నడిచిందన్న రుజువు చూపించమని అమ్మేవారిని అడగండి. ఐబీఎం ఎక్స్‌టీ అయితే బోర్డు మీది స్విచ్‌లలో 5, 6 రెండింటినీ ఆన్‌లో పెట్టడం మరవకండి. అలా పెడితేనే అది వీజీఏ కార్డుకు దారి ఇస్తుంది.

ఐఎస్‌ఏ నుంచి ఎంత ఆశించవచ్చో ముందే లెక్కేసుకోండి. 640×480లో 256 రంగుల బొమ్మ ఒక్కటే, చుక్కకో బైటు చొప్పున, 3,07,200 బైట్లు. సెకనుకు 30 బొమ్మలు మార్చాలంటే 9 మెగాబైట్లకు పైగా పంపాలి. దాదాపు 8 మెగాహెర్ట్జ్ మీద నడిచే 16 బిట్ల ఐఎస్‌ఏకు ఆ బరువు మోయడమే కష్టం. ట్సెంగ్ ఈటీ4000, సిరస్ లాజిక్ 5428 లాంటి గ్రాఫిక్స్ చిప్‌ల దగ్గరే ఆ దారి నిండిపోతుంది. అంతకు మించిన చిప్ కోసం ఏళ్ల తరబడి వెతకడం వృథా అని నా నమ్మకం.

486 బోర్డుల్లో ఐఎస్‌ఏ వెనకే మూడో ముక్క కనిపిస్తే అది 1992లో వచ్చిన వెసా లోకల్ బస్. నన్ను ఎక్కువగా భయపెట్టే స్లాట్ ఇదే. కార్డు పొడవు, పట్టు గట్టి. మొదటిసారి నేను పైనుంచి బలంగా నొక్కితే బోర్డు విల్లులా వంగింది. ఆ తర్వాత యంత్రం చల్లగా ఉన్నప్పుడు తెర వచ్చేది కాదు, వేడెక్కాక వచ్చేది. కంటికి కనపడనంత సన్నగా ఒక రాగి గీత చిట్లింది. దాన్ని పట్టుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలూ బోర్డు పోయిందనే అనుకుని బాధపడ్డాను. మీరు బోర్డును కేసులోంచి బయటికి తీసి, మెత్తటి ఒత్తు మీద చదునుగా పెట్టి, ముందు ఒక కొన, తర్వాత రెండో కొన మెల్లగా దింపండి.

వెసా బస్ ప్రాసెసర్ బయటి గడియారంతోనే, అంటే బోర్డు ప్రాసెసర్‌కు ఇచ్చే వేగంతోనే, నడుస్తుంది. 33 మెగాహెర్ట్జ్ దగ్గర కార్డులు నిలకడగా ఉంటాయి, 50 దగ్గర ఒక్క కార్డు కూడా తడబడవచ్చు. అదే బస్ మీద హార్డ్ డిస్క్ కంట్రోలర్ కూడా ఉంటే తడబాటు తెర మీద కాక డిస్క్‌లో రాసే డేటాలో కనపడుతుంది. కాబట్టి కార్డు వేయకముందే డిస్క్‌ మొత్తానికీ కాపీ తీసి పెట్టుకోండి.

మరో రకం స్లాట్ అయిన పీసీఐలో కార్డు అంచున ఉండే గాటు ముఖ్యం. స్లాట్‌లోని అడ్డం కేసు వెనక వైపుకు దూరంగా ఉంటే 5 వోల్టులది, దగ్గరగా ఉంటే 3.3 వోల్టులది. పాత ఇంటి కంప్యూటర్లలో దాదాపు అన్నీ 5 వోల్టులవే. రెండు గాట్లున్న కార్డు కూర్చుంటుంది, కానీ కూర్చున్నంత మాత్రాన పనిచేస్తుందని కాదు. ఆనాటి ఏటీ రకం పవర్ సప్లైలో 3.3 వోల్టుల తీగే ఉండదు కాబట్టి చాలా తొలినాటి బోర్డులు స్లాట్‌కు ఆ వోల్టేజ్ అందించవు. అది కావాల్సిన కార్డు అక్కడ మూగగా ఉండిపోతుంది.

గ్రాఫిక్స్ కార్డు కోసమే పెట్టిన ఏజీపీ స్లాట్‌లో తప్పు చేస్తే బోర్డే కాలిపోవచ్చు. మొదటి తరం, అంటే 1ఎక్స్, 2ఎక్స్ వేగాల కార్డులు 3.3 వోల్టులవి; 4ఎక్స్‌తో 1.5 వోల్టులు వచ్చాయి. ఇంటెల్ 845 చిప్‌సెట్ బోర్డులు 1.5 వోల్టుల కార్డులకే పనికొస్తాయి. గాటు చూస్తే సరిపోవాలి కానీ, 3.3 వోల్టులు మాత్రమే తెలిసిన కొన్ని కార్డులకు రెండు గాట్లూ కోసి అమ్మారు. అవి ఏ స్లాట్‌లోనైనా దిగిపోతాయి. గాటును నమ్మకండి. చిప్ మీది నంబరు చదివి, ఆ చిప్ ఏ వోల్టేజ్‌కు తయారైందో తేల్చుకోండి. అమ్మేవారు చిప్ ఫొటో పంపకపోతే ఆ కార్డు వదిలేయండి.

మానిటర్ సంగతి చాలామంది చివర్లో గుర్తు చేసుకుంటారు. తెర మీద గీతలు గీసే వేగం ఒక్కో ప్రమాణానికి ఒక్కోలా ఉంటుంది: పాత రంగుల సీజీఏకు 15.7 కిలోహెర్ట్జ్, ఏకవర్ణ ఎండీఏకు 18.4, వీజీఏకు 31.5. సీజీఏ, ఎండీఏ రెండింటికీ అదే తొమ్మిది పిన్నుల కనెక్టర్. ఎండీఏ కోసం చేసిన పాత ఏకవర్ణ మానిటర్‌కు సీజీఏ సిగ్నల్ ఇస్తే దాని లోపలి భాగాలు దెబ్బతినవచ్చు. తీగ పట్టింది కదా అని తగిలించకండి. ఆ మానిటర్ వెనక కేసు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తెరవకండి. పిక్చర్ ట్యూబులో వేల వోల్టులు ఉంటాయి, ఆపేశాక కూడా మిగిలే ఉంటాయి.

అమిగాకు జోరో (దాని సొంత రకం స్లాట్) కార్డు వేసేవారికి ఒక్క మాట. పికాసో 2 లాంటి కార్డు అమిగా డెస్క్‌టాప్ అయిన వర్క్‌బెంచ్‌కు ఎక్కువ రంగులు, పెద్ద తెర ఇస్తుంది. అసలు చిప్‌లను నేరుగా తట్టే పాత ఆటలు మాత్రం ఆ కార్డును గుర్తించవు, అవి పాత అవుట్‌పుట్‌లోనే వస్తాయి. కాబట్టి ఆ అవుట్‌పుట్‌ను చూపించే ఏర్పాటు అట్టిపెట్టుకోండి.

కరెంటు ఇచ్చే ముందు మల్టీమీటర్ తీయండి. ఎన్నో ఏళ్లు మూలన పడున్న బోర్డుల్లో టాంటలం కెపాసిటర్లు షార్ట్ అయి పటాసులా పేలుతాయి. 5, 12 వోల్టుల తీగలకూ గ్రౌండ్‌కూ మధ్య షార్ట్ లేదని చూసుకున్నాకే స్విచ్ వేయండి, కంటికి అద్దాలు పెట్టుకోండి. ఏటీ పవర్ సప్లై కనెక్టర్లు రెండు, పీ8, పీ9. నల్ల తీగలు మధ్యలో పక్కపక్కన ఉండాలి. అటుదిటు అయితే బోర్డు గంగపాలు.

కార్డు అంచున బంగారు పూత పళ్లను రబ్బరుతో రుద్దకండి, పూత పోతుంది. ఆల్కహాల్‌తో తడిపిన, నూగు రాలని గుడ్డ చాలు.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఒక పొడవు, రెండు పొట్టి బీప్‌లు వినిపిస్తే చాలా బోర్డుల్లో అది గ్రాఫిక్స్ కార్డు కనపడటం లేదన్న సంకేతం. కంగారుపడి మళ్లీ మళ్లీ ఆన్ చేయకుండా ప్లగ్ తీసి, కార్డు సరిగా కూర్చుందో లేదో చూడండి. పాత కార్డును దాని జంపర్ల (అమరికలు మార్చే చిన్న పిన్ను తొడుగుల) ఫొటోతో సహా యాంటీస్టాటిక్ సంచిలో దాచండి. కొత్తది మొరాయించినప్పుడు బోర్డు బతికే ఉందో లేదో తేల్చి చెప్పేది అదే.