వెంట్రుకలు లేకుండా పుట్టిన మేకపిల్లకు, దూడకు ఏం చేయాలి?

ఒంటిపై వెంట్రుకలు లేకుండా, లేదా అక్కడక్కడ పలుచగా మాత్రమే ఉండి పుట్టిన పిల్లకు గజ్జి మందు పూయవద్దు. గజ్జి, తామర పుట్టిన తరువాత అంటుకునే జబ్బులు. ఈ లోపానికి కారణాన్ని తల్లి మేతలోనో, వంశంలోనో వెతకాలి.

అంతకన్నా ముందు పిల్ల ప్రాణం నిలపాలి. దాని ఒంటి వేడి త్వరగా తగ్గిపోతుంది కనుక, కడగకుండా పొడిగుడ్డతో తుడిచి, ఎండుగడ్డిపై పడుకోబెట్టి, గోనెసంచి కప్పి, గంటలోపే ముర్రుపాలు తాగించాలి. మొదటి రోజు మొత్తంమీద దాని బరువులో పదో వంతు పాలు అందాలి. తరువాతి రోజుల్లో మిట్టమధ్యాహ్నపు ఎండ చర్మానికి తగలనివ్వకూడదు.

చూడి కాలం మేకకు సుమారు 150 రోజులు, ఆవుకు 280, గేదెకు 310. నెలలు నిండకముందే పుట్టిన పిల్లకు వెంట్రుకలు పలుచగా ఉండవచ్చు. నెలలు నిండి పుట్టినదైతే గొంతు కింద వేళ్ళతో తడిమి చూడండి. శ్వాసనాళానికి ఇరువైపులా ఉబ్బు తగిలితే, థైరాయిడ్ గ్రంథి పెరిగిందని, తల్లికి అయోడిన్ సరిపోలేదని అనుమానించాలి. మన ప్రాంతంలో ఇక్కడ తప్పక అడగవలసిన ప్రశ్న, తల్లికి సుబాబుల్ చెట్టు ఆకు మేపారా అన్నది. దాని ఆకులోని మైమోసిన్ పశువు పొట్టలో మరో పదార్థంగా మారి థైరాయిడ్ పనికి అడ్డుపడుతుంది. గట్ల మీద ఉచితంగా దొరికే పచ్చిమేత కావడంతో దానిపై ఎవరి అనుమానమూ పోదు. చూడి పశువు మేతలో దాన్ని మూడో వంతుకు మించనివ్వకుండా, అయోడిన్ ఉన్న ఖనిజ లవణ మిశ్రమం పెట్టాలి. పిల్లకు అయోడిన్ మందు మాత్రం పశువైద్యుడే నిర్ణయించాలి, ఎందుకంటే మోతాదు మించినా హానే. సంచార పశువైద్యశాల కోసం 1962కు ఫోన్ చేయవచ్చు.

గొంతు మామూలుగా ఉంటే దూడ నోరు తెరిచి చూడండి. కింది దవడ ముందుపళ్ళు కొన్ని లేకపోతే వంశపారంపర్య లోపం కావచ్చు. అందులో ఒక రకం తల్లి నుంచి సంక్రమించి ముఖ్యంగా మగదూడల్లో బయటపడుతుంది. అలాంటి దూడను సంతానోత్పత్తికి ఉంచకూడదు. కృత్రిమ గర్భధారణ చేయించి ఉంటే వీర్యం నింపిన సన్నని గొట్టం (స్ట్రా)పై ఉన్న ఆబోతు నంబరును గోపాలమిత్రకు, అంటే ఊళ్ళో ఆ పని చేసే కార్యకర్తకు, తెలియజేసి, అదే తల్లికి మళ్ళీ ఆ వీర్యం వేయించకుండా చూసుకోవాలి.