తిరుమల మెట్లెక్కే ముందు నడుము కొలుచుకోండి

తమిళుల పెరటాసి మాసం దగ్గర పడుతోంది. చెన్నైలోని మన తెలుగు ఇళ్లలో ఆడవాళ్లు అలిపిరి నడక మొక్కులు తీర్చుకోవడానికి సిద్ధమవుతున్నారు. గత నెలలో మా వీధిలోని 47 ఏళ్ల అక్క ఒకరు 3,550 మెట్లలో సగమైనా దాటకముందే చెమటలు పట్టి కూలబడ్డారు. గుండెపోటని తేలింది. ప్రాణం దక్కింది గాని, అంత సన్నటి మనిషికి గుండెపోటేమిటని వీధంతా ఇంకా అడుగుతూనే ఉంది.

నీళ్లు, ఎండ సంగతులు అందరికీ తెలిసినవే కనుక వదిలేస్తున్నాను. నేను మళ్లీ మళ్లీ చూసిన పొరపాటు ఒక్కటే: బరువు చూసుకొని నడుమును వదిలేయడం. ఆ అక్క ఎత్తు 150 సెంటీమీటర్లు, బరువు 54 కిలోలు. కాళ్లూ చేతులూ సన్నవే, నడుము మాత్రం 91 సెంటీమీటర్లు. మన దక్షిణాసియా స్త్రీలకు 80 సెంటీమీటర్లు, అంటే సుమారు 31.5 అంగుళాలే హద్దు. పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వు నుంచి వెలువడే కొవ్వు ఆమ్లాలు నేరుగా కాలేయానికి చేరి, ట్రైగ్లిజరైడ్లను పెంచి, మంచి కొలెస్ట్రాల్‌ను తగ్గించి, ఇన్సులిన్ పనిని మందగింపజేస్తాయి. ముట్లుడిగాక ఈస్ట్రోజెన్ తగ్గి, తొడల్లో చేరవలసిన కొవ్వు పొట్ట వైపు మళ్లుతుంది గనుక, బరువు పెరగకపోయినా నడుము పెరగవచ్చు. గుండెపోటును పట్టివ్వడంలో ఎత్తు-బరువుల లెక్క కంటే నడుము-తుంటి నిష్పత్తే మేలని 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 2005లో చూపింది.

లంగా నాడా కట్టే చోట కొలవకండి. చాలామంది పొట్ట కిందికి కడతారు, అక్కడ సరైన కొలత రాదు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ నడిమధ్యన, బట్ట అడ్డం లేకుండా, మామూలుగా ఊపిరి వదిలాక దర్జీ టేపుతో కొలవండి. పొట్ట లోపలికి లాక్కోకండి. మీ ఎత్తులో సగానికి మించితే అదీ హెచ్చరికే.

కొలత దాటితే రక్తపోటు, చక్కెర, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకొని, డాక్టరు సరేనన్నాకే బయలుదేరండి. కడుపుతో ఉన్నప్పుడు చక్కెర గాని రక్తపోటు గాని వచ్చి ఉంటే, ఇరవై ఏళ్ల కిందటి మాటైనా డాక్టరుకు చెప్పండి. ఆ స్త్రీలకు తర్వాతి కాలంలో గుండెజబ్బు ముప్పు ఎక్కువ. బరువు బాగానే ఉందని చెప్పి తప్పించుకోకండి. మాత్రలు మానకండి. చక్కెర మాత్రలు వేసుకుంటూ శనివారం ఉపవాసంతో మెట్లెక్కకండి. గుండెజబ్బు ఉన్నవారు నడకదారిన రావద్దని దేవస్థానమే హెచ్చరిస్తోంది; వినండి. దవడ, వీపు, పొట్ట పైభాగం నొప్పి పుట్టినా, ఆయాసం, వికారం, చల్లని చెమట వచ్చినా గ్యాస్ అనుకోకండి. సోడా తాగి చూడకండి. మరో పది మెట్లని ఎక్కకండి. అక్కడే కూర్చొని 108కి ఫోన్ చేయించండి. బరువు కాదు, నడుము. ఈ రాత్రే కొలవండి, మీ అమ్మకూ అత్తకూ కూడా.