అండమాన్‌లో చవక గెస్ట్‌హౌస్ ఎంచుకోవడం ఎలా: జంగ్లీఘాట్ నుంచి కొన్ని సలహాలు

సంక్రాంతి సెలవులు దగ్గర పడుతున్నాయంటే మా ఇంట్లో ఫోను మోగుతూనే ఉంటుంది. మా నాన్నగారు సోంపేట వైపు నుంచి చేపల వేటకని వచ్చి పోర్ట్‌బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో స్థిరపడ్డారు. నేను ఇక్కడే పుట్టి పెరిగాను. శ్రీకాకుళం, విశాఖ వైపు చుట్టాల్లో ఎవరు అండమాన్ బయల్దేరినా ముందు నాకే ఫోన్ చేస్తారు. "అమ్మాయ్, సముద్రం కనపడే గది, చవకలో ఒకటి చూసిపెట్టు" అంటారు. నేను వెంటనే గది పేరు చెప్పను. ఎంతమంది వస్తున్నారు, పెద్దవాళ్లు ఉన్నారా, ఫెర్రీ టికెట్లు తీసుకున్నారా అని అడుగుతాను. ఈ మూడూ తెలిస్తే సగం గది దొరికినట్టే.

చవక అంటే ఇక్కడ నా ఉద్దేశం రాత్రికి రెండు వేల లోపు గది. డిసెంబరు మూడో వారం నుంచి జనవరి మొదటి వారం దాకా అదే గదికి రెట్టింపు అడుగుతారు. కుదిరితే ఫిబ్రవరి, మార్చి పెట్టుకోండి. సముద్రం ప్రశాంతంగా ఉంటుంది, ఓనరుకు మీతో మాట్లాడే తీరిక కూడా ఉంటుంది. వెతికేటప్పుడు పాత పేర్లు, కొత్త పేర్లు రెండూ కొట్టండి. హేవ్‌లాక్ దీవి 2018 నుంచి స్వరాజ్ ద్వీప్, నీల్ దీవి షహీద్ ద్వీప్ అయ్యాయి. పోర్ట్‌బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది. చిన్న గెస్ట్‌హౌస్‌ల వాళ్లలో చాలామంది ఏదో ఒక పేరుతోనే వివరాలు పెట్టుకుంటారు.

గది కంటే ముందు ఫెర్రీ టికెట్ తీసుకోవాలి. పోర్ట్‌బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్‌కి ప్రైవేటు ఫెర్రీలో గంటన్నర, ప్రభుత్వ ఫెర్రీలో రెండున్నర గంటలు పడుతుంది. సీజన్‌లో టికెట్లు ముందే అయిపోతాయి. మీ ఫెర్రీ పొద్దున్నే అయితే ముందు రాత్రి పోర్ట్‌బ్లెయిర్‌లో పడుకునే గది జెట్టీకి దగ్గరగా ఉండాలి. ప్రభుత్వ ఫెర్రీలు ఫీనిక్స్ బే నుంచి, ప్రైవేటువి హడ్డో వైపు నుంచి వెళ్తాయి. అబర్డీన్ బజార్‌లో గది తీసుకుంటే రెండు చోట్లకీ ఆటోలో కాసేపే. సెల్యులార్ జైలుకు నడిచి వెళ్లొచ్చు, టిఫిన్‌కి ఇడ్లీ దోసెలకు కొదవ లేదు. కానీ ఈ ఊరంతా గుట్టలే. మ్యాప్‌లో మూడొందల మీటర్లని చూసి పెద్దవాళ్లని నడిపిస్తే ఆయాసపడతారు. గెస్ట్‌హౌస్ ఎత్తు మీద ఉందా, ఎన్ని మెట్లు ఎక్కాలి, గది ఏ అంతస్తులో ఉంది అని అడిగి తీరండి. ఈ ధరలో లిఫ్టు ఉంటుందని ఆశ పెట్టుకోకండి.

ఇక హేవ్‌లాక్. ఇక్కడ బీచ్‌లని నంబర్లతోనే పిలుస్తారు. జెట్టీ ఉత్తరాన ఉంది, ఆ పక్కనే గోవింద్‌నగర్. దక్షిణానికి వస్తే బజారున్న మూడో నంబరు, ఆ తర్వాత విజయనగర్ వైపు ఐదో నంబరు, ఇంకా కిందకి కాలాపత్తర్. అందరూ ఫొటోల్లో చూసే రాధానగర్ ఏడో నంబరు. అది దీవికి అటువైపు, పడమటి ఒడ్డున ఉంది. జెట్టీ నుంచి పది, పన్నెండు కిలోమీటర్లు వెళ్లాలి. అందుకే "రాధానగర్ దగ్గరే చూడు" అన్నవాళ్లకి నేను వద్దనే చెబుతాను. అక్కడ మన బడ్జెట్‌లో గదులు తక్కువ. డిసెంబరులో ఐదు దాటగానే చీకటి పడుతుంది. సూర్యాస్తమయం చూసి జనం వెళ్లిపోయాక భోజనానికో మందుల షాపుకో బజారుకి రావాలంటే ఆటో దొరకదు, దొరికినా రానూపోనూ అడుగుతారు. మూడో నంబరుకీ ఐదో నంబరుకీ మధ్యలో, రోడ్డుకి సముద్రం లేని వైపు గది తీసుకోండి. బీచ్‌కి ఐదు నిమిషాల నడక, హోటళ్లు చేరువలో, అద్దె కూడా తక్కువ. రాధానగర్‌కి మధ్యాహ్నం మూడింటికి బయల్దేరి ఈత కొట్టుకుని, సూర్యాస్తమయం చూసుకుని తిరిగి రండి.

సీ వ్యూ గదికి అదనంగా డబ్బులు కట్టే ముందు ఒక్క విషయం తెలుసుకోవాలి. ఐదో నంబరు వైపు తూర్పు ఒడ్డు లోతు లేనిది. పోటు మీద ఉన్నప్పుడు నీలంగా, అద్దంలా మెరుస్తూ మెట్ల దాకా వస్తుంది. పాటు వచ్చేసరికి నీళ్లు దూరంగా వెళ్లిపోతాయి. చచ్చిన పగడపు రాళ్లు, వాటి మీద నాచు, మధ్యలో గుంటల్లో చిన్న పీతలు కనిపిస్తాయి. డోంగీలు, అంటే చిన్న పడవలు, ఇసుకలో పక్కకి ఒరిగి ఉంటాయి. పిల్లలకి ఆ గుంటలు చూడటం సరదాయే, ఈత మాత్రం కుదరదు, చెప్పుల్లేకుండా దిగితే కాలు కోసుకుంటుంది. పౌర్ణమికి, అమావాస్యకి పాటు ఇంకా ఎక్కువగా ఉంటుంది. పోటు ప్రతి రోజూ ముందు రోజు కంటే సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. మీరు ఉండే రోజుల్లో పోటు ఏ వేళకో ముందే చూసుకోండి. పగటి పూట ఎక్కువ సేపు పాటే ఉండేలా ఉంటే సీ వ్యూకి కట్టే డబ్బు దండగ.

అలాగే "క్రీక్ పక్కన, మడ అడవి అందాలు" అని రాసినవి వద్దు. దోమలు ఒక బాధ అయితే, ఉప్పునీటి మొసళ్లు తిరిగేది అలాంటి చోట్లే. రాధానగర్ పక్కనున్న నీల్స్ కోవ్ దగ్గర 2010లో ఒక పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయింది. హెచ్చరిక బోర్డులున్న చోట పిల్లల్ని నీళ్లలోకి దించకండి.

రెండు మూడు గెస్ట్‌హౌస్‌లు నచ్చాక ఫోన్ చేయండి. యాప్‌లో బుక్ చేసేవాళ్లు కూడా ముందు ఫోన్ చేయాలని నేను గట్టిగా చెబుతాను. హేవ్‌లాక్‌లోనూ నీల్‌లోనూ చాలా గెస్ట్‌హౌస్‌లు బెంగాలీ కుటుంబాలవి. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు. హిందీ అందరికీ వస్తుంది. "దాదా" అని పిలిచి, "మీరు అక్కడే ఉంటారా?" అని మొదలుపెట్టండి. ఓనరు కుటుంబం అదే ఆవరణలో ఉంటే రాత్రి పదింటికి నీళ్లు ఆగినా తలుపు తట్టడానికి మనిషి ఉంటాడు. ఎక్కడో ఉండి లీజుకిచ్చిన చోట్ల కుర్రాడు "రేపు చూద్దాం" అంటాడు. తర్వాత నీళ్ల సంగతి: ట్యాంకు ఉందా, మోటారు రోజుకి ఎన్నిసార్లు వేస్తారు? ఏప్రిల్, మే నెలల్లో ఇది ముఖ్యం. పోర్ట్‌బ్లెయిర్‌కి నీళ్లిచ్చే ధనికారి డ్యామ్‌లో మట్టం పడిపోయి, కుళాయిలు రోజు విడిచి రోజు రావడం మాకు అలవాటైన విషయం. కరెంటు పోతే జనరేటరు మీద ఏమేం నడుస్తాయో అడగండి. ఫ్యాను, లైటు నడిచి ఏసీ నడవకపోతే, ఏసీ గదికి కట్టిన డబ్బు ఆ రాత్రికి పోయినట్టే. డీజిల్ మీద నడిచే దీవులు ఇవి, కరెంటు పోవడం వింత కాదు.

వాట్సాప్‌లో ఫొటో కాకుండా అప్పటికప్పుడు తీసిన చిన్న వీడియో పంపమనండి: గది గుమ్మం నుంచి బాత్రూమ్ దాకా నడుస్తూ, కుళాయి తిప్పి చూపిస్తూ. మంచి ఓనరు పది నిమిషాల్లో పంపుతాడు. "పాత వీడియో ఉంది" అంటే నేను ఆ గెస్ట్‌హౌస్ పక్కన పెట్టేస్తాను. మా పిన్ని వాళ్లు ఒకసారి "బీచ్‌కి ఐదు నిమిషాలు" అన్నది చూసి బుక్ చేసుకున్నారు. ఆ ఐదు నిమిషాలు స్కూటీ మీద అని వచ్చాకే తెలిసింది. పిన్నికి మోకాళ్ల నొప్పి, స్కూటీ ఎక్కలేదు. అందుకే దూరం అడిగేటప్పుడు "నడిచి ఎంతసేపు" అనే అడగండి.

అడ్వాన్స్ ఒక రాత్రికే ఇవ్వండి. మిగతాది అక్కడికి వెళ్లాక ఇస్తామంటే ఎక్కువమంది ఒప్పుకుంటారు. ఫెర్రీ రద్దయితే ఆ రాత్రి డబ్బు ఏమవుతుందో మెసేజ్‌లో రాయించుకోండి. ఇది ఊరికే అనుమానంతో చెప్పడం లేదు. 2016 డిసెంబరులో వాతావరణం చెడిపోయి ఫెర్రీలు ఆగిపోతే హేవ్‌లాక్‌లో వెయ్యి మందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోయారు. చివరికి నేవీ ఓడలు వెళ్లి తీసుకొచ్చాయి. అలాంటి రోజుల్లో వంటిల్లున్న గెస్ట్‌హౌస్ విలువ తెలుస్తుంది. కొంచెం చేపల కూర, పప్పు, అన్నం ఇంట్లో వాళ్లకి వండినదాన్నే మీకూ పెడతారు. ఆవనూనె వాసన పడని వాళ్లు ఉంటే ముందే చెప్పండి, వేరే నూనెతో చేస్తారు. చేతిలో కొంత నగదు కూడా ఉంచుకోండి. 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక నెట్ బాగా మెరుగుపడింది కానీ, గాలివాన రోజున ఫోన్ పేమెంట్ ఆగిపోతే హేవ్‌లాక్‌లో ఉన్న కాసిని ఏటీఎంల దగ్గర క్యూ కట్టాలి.

అక్కడికి వెళ్లాక, బ్యాగు దించకముందే గది చూడండి. మొప్ప ఎత్తి చూడకుండా చేప కొనం కదా, ఇదీ అంతే. ముందు బాత్రూమ్. కుళాయి తిప్పి బకెట్‌లో కాసిని నీళ్లు పట్టి రంగు చూడండి. మొదట కొంచెం తుప్పు రంగు రావడం మామూలే, బకెట్ నిండేసరికి తేటపడాలి. ఫ్లష్ నొక్కండి. గీజరు ఉంటే దాని స్విచ్చు, ప్లగ్గు చూడండి. ఉప్పుగాలికి ఇత్తడి పిన్నుల మీద ఆకుపచ్చ చిలుము పడుతుంది. చిలుము పట్టి ప్లాస్టిక్ నల్లబడి ఉంటే దాన్ని వాడకండి, వేడినీళ్లు వంటింట్లోంచి అడగండి. తర్వాత పరుపు మూల ఎత్తి అరచేయి పెట్టండి. చల్లగా తేమ తగిలి, బూజు వాసన వస్తే ఇంకో గది అడగండి. వానాకాలం తర్వాత ఇది మరీ ఎక్కువ. కిటికీ జాలీకి చిరుగులు, తలుపు కింద సందు చూడండి. రెండు వేళ్లు దూరే సందులోంచి ఎలుకైనా వస్తుంది.

శాండ్‌ఫ్లైల గురించి మా వాళ్లకి తప్పకుండా చెబుతాను. కంటికి ఆనని ఈగలు. తెల్లవారుజామున, సాయంత్రం పూట ఇసుకలో కుడతాయి. దద్దుర్లు రోజుల తరబడి దురద పెడతాయి. దోమతెర కళ్లలోంచి కూడా దూరతాయి కాబట్టి మంచానికి సరిగ్గా పైనే ఫ్యాను ఉండటం అవసరం. సరిగ్గా ఇసుక మీదే కట్టిన గుడిసెల్లో ఈ బాధ ఎక్కువ. కాళ్లకి కొబ్బరినూనె దిట్టంగా రాసుకుంటే చాలావరకు తగ్గుతుంది. తాటాకు కప్పు హట్‌లు చూడటానికి బాగుంటాయి, గాలి ఆడుతుంది, కుర్రకారుకి పర్వాలేదు. చంటిపిల్లలున్నా, మే సగం నుంచి నవంబరు దాకా వానల్లో వచ్చినా సిమెంటు గదే మేలు. ఇక్కడి వాన గంటలకొద్దీ ఒకే తీరున పడుతుంది, ఆకు కప్పు ఎంత బాగా నేసినా ఎక్కడో ఒకచోట కారుతుంది.

ముసలివాళ్లతో వచ్చేవాళ్లకి నా సలహా ఒక్కటే: హేవ్‌లాక్‌లో ఒక రాత్రి తగ్గించుకుని నీల్‌లో ఒక రాత్రి పెంచుకోండి. చిన్న దీవి, రోడ్ల మీద రద్దీ ఉండదు, పొలాల మధ్య గెస్ట్‌హౌస్‌లు. భరత్‌పూర్ బీచ్ జెట్టీ పక్కనే. బజారు దగ్గర గది తీసుకుంటే చాలావరకు నడిచే తిరగొచ్చు. లక్ష్మణ్‌పూర్‌కి మాత్రం సాయంత్రం ఆటోలో వెళ్లండి.

అమెరికా పాస్‌పోర్టున్న పిల్లలు వెంట వస్తుంటే గెస్ట్‌హౌస్ వాళ్లని విదేశీయులకు గది ఇస్తారా అని తప్పక అడగండి. విదేశీ అతిథి దిగిన 24 గంటల్లో ఓనరు ఆ వివరాలు ఆన్‌లైన్‌లో అధికారులకు పంపాలి. చిన్న ఓనర్లు కొందరికి ఆ ఏర్పాటు ఉండదు, జెట్టీ దాకా వచ్చాక గది లేదంటే ఇబ్బంది. మన వాళ్లందరికీ ఒరిజినల్ ఐడీ, ఒక జిరాక్సు చాలు.

చెక్‌అవుట్ వేళ తెలియక చాలామంది కంగారుపడతారు. దీవుల్లో చాలాచోట్ల పొద్దున ఎనిమిదికే ఖాళీ చేయమంటారు, ఎందుకంటే పొద్దున ఫెర్రీలో కొత్తవాళ్లు దిగుతారు. మీ ఫెర్రీ మధ్యాహ్నం అయితే సామాను ఎక్కడ పెట్టుకోవాలి, సముద్రంలో దిగి వచ్చాక స్నానానికి బాత్రూమ్ ఇస్తారా అని బుకింగ్ అప్పుడే అడిగితే ఎక్కువమంది సరేనంటారు. వెళ్లేరోజు పొద్దున అడిగితే కుదరకపోవచ్చు. విమానం ఎక్కే ముందు రోజు రాత్రి మాత్రం పోర్ట్‌బ్లెయిర్‌లోనే పడుకోండి. దానికి లాంబాలైన్, జంగ్లీఘాట్ వైపు గదులు చూడండి. ఎయిర్‌పోర్టు దగ్గర, అబర్డీన్ బజార్ కంటే అద్దె కొంచెం తక్కువ, పైగా మా వీధుల్లో దారి తెలుగులోనే అడగొచ్చు.