పాత కమారోలో పవర్ ఎక్కడికి పోయింది? 350 ఇంజిన్‌కు తక్కువ ఖర్చులో వైద్యం

టెక్సస్‌లో మా గరాజ్‌లో ఉన్నది 1979 షెవర్లే కమారో కారు. లోపల 350 క్యూబిక్ ఇంచుల వీ8, అంటే 5.7 లీటర్లు. పైన క్వాడ్రాజెట్ కార్బురేటర్, వెనక మూడు గేర్ల ఆటోమేటిక్. ఇంత పెద్ద ఇంజిన్‌కు కంపెనీ చెప్పిన లెక్క 170 హార్స్‌పవర్! రోజూ ఆఫీసుకు వెళ్లే నా క్యామ్రీ సిగ్నల్ దగ్గర దీన్ని చెమట పట్టకుండా దాటేస్తుంది.

1970 జీ28 కమారోకు ఇదే సైజు ఇంజిన్‌తో 360 అని రాశారు కదా, సగం ఏమైంది అని చాలామంది అడుగుతారు. కొంత కాగితం మీదే పోయింది. అప్పట్లో ఇంజిన్‌ను విడిగా స్టాండ్ మీద పెట్టి కొలిచేవాళ్లు. 1972 నుంచి ఎయిర్ క్లీనర్, సైలెన్సర్, ఆల్టర్నేటర్ అన్నీ తగిలించి కొలవడం మొదలైంది. మిగతాది నిజంగానే పోయింది. 1971లో కంప్రెషన్ (సిలిండర్‌లో మిశ్రమాన్ని నొక్కే నిష్పత్తి) తగ్గించారు, 1975లో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ వచ్చింది, వాల్వులు తెరిచే షాఫ్ట్ అయిన క్యామ్ కూడా వాటిని తక్కువ తెరిచే రకానికి మారింది. ఇక మన బండిలో ఆ 170 కూడా ఉండదు. నలభై ఐదేళ్లలో అరిగీ వదులై అందులో ఎంత పోయిందో చూడకుండా కొత్త పార్టులు కొంటే డబ్బు దండగ.

టైమింగ్ లైట్, వాక్యూమ్ గేజ్, కంప్రెషన్ గేజ్ దగ్గర పెట్టుకోండి. అమెరికాలో కొన్ని పార్టుల షాపులు వీటిని డిపాజిట్ మీద అరువిస్తాయి. ముందు ఎనిమిది సిలిండర్ల కంప్రెషన్ చూడండి. ఏ ఒక్కటైనా మిగతావాటికంటే బాగా తక్కువగా ఉంటే కింద రాసినవేవీ పనికిరావు. ముందు ఆ సిలిండర్ సంగతి తేల్చాలి.

పెడల్ ఆఖరిదాకా తొక్కినా కదలిక లేదు

ఈ పాఠం నేను ఆరు వందల డాలర్లు పోసి నేర్చుకున్నాను. కొత్త కార్బురేటర్ కొని బిగించాను, తేడా లేదు. గుర్రం గుడ్డిదైనా దానాకు తక్కువ లేదన్నట్టు పెట్రోలు మాత్రం బాగా తాగింది. ఒకరోజు మా అబ్బాయిని సీట్లో కూర్చోబెట్టి, ఇంజిన్ ఆపి, "పూర్తిగా తొక్కు నాన్నా" అని పైనుంచి తొంగిచూశాను. థ్రాటిల్ ప్లేట్లు నిటారుగా లేవాల్సింది, ముప్పావు వంతు దగ్గరే ఆగిపోయాయి. ఎవరో పాత యజమాని మందపాటి కార్పెట్ వేయించాడు, పెడల్ దానికి తగిలి ఆగుతోంది. కేబుల్ కూడా కాస్త సాగింది. కార్పెట్ కింద మెత్త కోసేసి, కేబుల్ బ్రాకెట్ సర్దాను. ఖర్చు సున్నా. పాత క్వాడ్రాజెట్టే మళ్లీ ఎక్కించాను.

క్వాడ్రాజెట్‌లో ఇంకో కిటుకుంది. ముందు రెండు నోళ్లు చిన్నవి, వెనక రెండు చాలా పెద్దవి. అసలు పవర్ అంతా ఆ వెనకవాటిలోనే ఉంటుంది. చోక్ పూర్తిగా తెరుచుకునేదాకా అవి తెరుచుకోకుండా ఒక చిన్న లివర్ అడ్డుపడుతుంది. చోక్ నీరసించి సగంలో ఆగితే ఆ లివర్ తప్పుకోదు, మీరు జీవితాంతం సగం కార్బురేటర్‌తోనే తిరుగుతారు. ఇంజిన్ వేడెక్కాక ఆపి, పెడల్ పూర్తిగా తొక్కించి, వెనక ప్లేట్లు తెరుచుకున్నాయో లేదో టార్చ్ వేసి చూడండి. వాటి పైనున్న రేకును వేలితో నొక్కితే తేలిగ్గా దిగి, వదలగానే స్ప్రింగ్‌తో లేవాలి. మడ్డి పట్టి ఉంటే క్లీనర్ కొట్టండి, చోక్ సర్దండి.

సిగ్నల్ దగ్గర బరువుగా లేస్తుంది, వేగం అందుకున్నాక ఫర్వాలేదు

ఇది నూటికి తొంభై పాళ్లు టైమింగ్ గొడవ, అంటే ప్లగ్‌లో నిప్పురవ్వ పడే సమయం తేడా. పాయింట్ల ఇగ్నిషన్ కాలం నాటి బుల్లెట్ మోటార్‌సైకిల్ నడిపినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు, నిప్పురవ్వ ఆలస్యమైతే బండి ఎద్దులా మొరాయిస్తుంది.

డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే వాక్యూమ్ గొట్టం ఊడదీసి, దాని నోరు మూసి కొలవండి. ఈ పాత సిలిండర్ హెడ్లకు ఐడిల్‌లో, అంటే పెడల్ తొక్కకుండా ఇంజిన్ తిరిగేటప్పుడు, 8 నుంచి 12 డిగ్రీలు, 3,000 ఆర్‌పీఎం దగ్గర మొత్తం 34 నుంచి 36 డిగ్రీలు ఉంటే బాగుంటుంది. డిస్ట్రిబ్యూటర్‌లోని ఫ్యాక్టరీ స్ప్రింగులు బిగుతుగా ఉండి, ఆ మొత్తం చాలా ఆలస్యంగా అందుతుంది. స్ప్రింగుల కిట్ చవక, అరగంట పని. డిస్ట్రిబ్యూటర్ మూత తీసినప్పుడు ఆ స్ప్రింగులు పట్టి ఉంచే తూనికలు తుప్పు పట్టి బిగుసుకున్నాయేమో కూడా చూడండి. లోడ్ మీద టకటక చప్పుడు వినిపిస్తే రెండు డిగ్రీలు వెనక్కి తగ్గించండి. దాన్ని పట్టించుకోకుండా నడిపితే పిస్టన్లు పోతాయి.

ఇక్కడో మోసం ఉంది. ఇంజిన్ ముందు టైమింగ్ గీత ఉండే చక్రం, బ్యాలెన్సర్‌లో బయటి రింగ్ రబ్బరు మీద కూర్చుని ఉంటుంది. ఆ రబ్బరు ముదిరితే రింగ్ జారి, గీత చెప్పేదంతా అబద్ధమవుతుంది. ఒకటో సిలిండర్ ప్లగ్ రంధ్రంలో పిస్టన్‌ను అడ్డుకునే పిస్టన్ స్టాప్ బిగించి, ఇంజిన్‌ను చేత్తో అటూ ఇటూ తిప్పండి. ఆగిన రెండు చోట్లా గుర్తు పెట్టుకుంటే, వాటి మధ్యబిందువే అసలు సున్నా.

టైమింగ్ గీత నిలకడగా ఉండక ఊగుతుంటే క్రాంక్ నుంచి క్యామ్‌ను తిప్పే చైన్‌ను అనుమానించాలి. ఫ్యాక్టరీ క్యామ్ గేరుకు నైలాన్ పళ్లు ఉండేవి, వయసొస్తే పగిలి ఆయిల్ పాన్‌లో పడతాయి. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, క్రాంక్ బోల్టుకు పొడుగు రెంచ్ తగిలించి ఒకవైపు తిప్పండి, తర్వాత మెల్లగా వెనక్కి తిప్పండి. రోటర్ కదలక ముందే క్రాంక్ పది డిగ్రీల దాకా తిరిగిందంటే చైన్ వదులైనట్టే. రెండు వరసల ఇనుప చైన్ సెట్ వంద డాలర్ల లోపే వస్తుంది. వేయడానికి ఒక శనివారం పోతుంది.

4,000 ఆర్‌పీఎం దగ్గరికి వచ్చేసరికి ఊపిరాడనట్టు ఆగిపోతుంది

దీనికి రెండు కారణాలు, లక్షణాలు దగ్గర దగ్గరగా ఉంటాయి. కుదుపుతో తడబడితే పెట్రోలు చాలడం లేదు. కార్బురేటర్‌లోకి పైపు వచ్చే చోటే వేలెడంత ఫిల్టర్ ఉంటుంది, ముందు అది మార్చండి. తర్వాతే పంపు మీద అనుమానం.

కుదుపు లేకుండా, దుప్పటి కప్పినట్టు మొద్దుబారితే ఎగ్జాస్ట్ మూసుకుంది. వాక్యూమ్ గేజ్ తగిలించి 2,500 దగ్గర నిలిపి ఉంచండి. ముల్లు నిమిషం లోపే మెల్లమెల్లగా దిగుతూ పోతే క్యాటలిటిక్ కన్వర్టర్ లోపల కూలిపోయినట్టే.

ఈ బండికి ఎనిమిది సిలిండర్ల పొగంతా ఒకే పైపులోంచి పోతుంది. అందుకే డబ్బు పెట్టి కొనే మొదటి అప్‌గ్రేడ్ ఎగ్జాస్టే కావాలి. హెడర్లు (ఒక్కో సిలిండర్ పొగకు ఒక్కో గొట్టం), పెద్ద పైపులు, సాఫీగా వదిలే కొత్త కన్వర్టర్. కన్వర్టర్ తీసేసి ఉత్త పైపు వేయమని చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఫెడరల్ చట్టం దానికి ఒప్పుకోదు. కాలిఫోర్నియాలో ఉంటే 1976, ఆ తర్వాతి ఇలాంటి పాత పెట్రోలు బండ్లు స్మాగ్ (పొగ) పరీక్షకు వెళ్లాల్సిందే, కాబట్టి అక్కడ ఆమోదం ఉన్న పార్టులే కొనండి.

ఇంజిన్ ఆరోగ్యంగానే ఉంది, అయినా లాగదు

వెనక యాక్సిల్ నిష్పత్తి, అంటే చక్రం ఒకసారి తిరగడానికి డ్రైవ్ షాఫ్ట్ ఎన్నిసార్లు తిరగాలో చూడండి. పెట్రోలు ఆదా కోసం 2.73 లాంటివి వేసేవాళ్లు. దాన్ని 3.42 చేస్తే చక్రాల దగ్గర బలం 25 శాతం పెరుగుతుంది, ఇంజిన్ మీద ఒక్క బోల్టు ముట్టకుండా. హైవే మీద ఇంజిన్‌ను నెమ్మదింపజేసే ఓవర్‌డ్రైవ్ గేరు లేదు కాబట్టి గంటకు 70 మైళ్ల దగ్గర ఇంజిన్ దాదాపు 2,500కు బదులు 3,100 తిరుగుతుంది. హైవే మీద ఆ రొద భరించగలరా అన్నది మీ ఇష్టం. 3.73 నేను వద్దంటాను, డాలస్ నుంచి ఆస్టిన్ వెళ్లేసరికి చెవులు హోరెత్తుతాయి. స్పీడోమీటర్ గేరు కూడా మార్చాలి, లేకపోతే ముల్లు ఎక్కువ చూపిస్తుంది.

అన్నీ సరిచేశాను, ఇంకా కావాలి

ఇప్పుడు హెడ్లు. పాత హెడ్లలో దహన గది 76 సీసీ. 1996 నుంచి వచ్చిన షెవీ ట్రక్కుల 350 ఇంజిన్‌కు వోర్టెక్ హెడ్లు ఉండేవి, వాటి గది 64 సీసీ, గాలి దారులు కూడా మెరుగు. మన పిస్టన్ల మీదే వాటిని వేస్తే కంప్రెషన్ సుమారు ఒక పాయింట్ పెరుగుతుంది. జంక్‌యార్డ్‌లో దొరుకుతాయి, అయితే వాల్వు సీట్ల మధ్య పగుళ్లు సామాన్యం. మెషిన్ షాపులో పరీక్ష చేయించకుండా బిగించకండి. హెడ్ల ధర చూసి లెక్క వేసుకున్నవాళ్లు తర్వాత దెబ్బతింటారు: వాటికి కార్బురేటర్ కింద ఉండే ఇన్‌టేక్ మానిఫోల్డ్ వేరేది కావాలి, రాకర్లు, వాల్వ్ కవర్లు వేరే. మానిఫోల్డ్ కింద వేడి పొగ దారి ఉండదు కాబట్టి ఎలక్ట్రిక్ చోక్ కూడా పెట్టుకోవాలి.

క్యామ్ విషయంలో అత్యాశ వద్దు. లిఫ్టర్ 0.050 అంగుళం లేచిన దగ్గర నుంచి కొలిస్తే తెరిచి ఉండే వ్యవధి 210 నుంచి 218 డిగ్రీలు, వాల్వు లేచే ఎత్తు (లిఫ్ట్) 0.450 అంగుళం లోపు ఉంటే వోర్టెక్ వాల్వు స్ప్రింగులకూ, ఇంజిన్‌ను ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కు కలిపే ఫ్యాక్టరీ టార్క్ కన్వర్టర్‌కూ ఇబ్బంది ఉండదు. గుడగుడమనే ఐడిల్ మోజులో పెద్దది వేస్తే వాక్యూమ్ పడిపోతుంది, బ్రేక్ పెడల్ రాయిలా తగులుతుంది. ఆ స్థితిలో వచ్చిన బండికి, వాక్యూమ్‌తో నడిచే బ్రేక్ బూస్టర్ మార్చమని చెప్పే షాపులున్నాయి, తప్పు బూస్టర్‌ది కాదు.

కొత్త క్యామ్ ఆయుష్షును తేల్చేది దాని తొలి ఇరవై నిమిషాలే. జింక్ ఎక్కువున్న ఆయిల్ పోసి, లిఫ్టర్లకు పేస్ట్ పూసి, రేడియేటర్ నింపి, కార్బురేటర్‌లో ముందే పెట్రోలు పోసి ఉంచండి. స్టార్ట్ అయిన క్షణం నుంచి 2,000 కిందకు దిగనివ్వకుండా, కాస్త హెచ్చుతగ్గులతో ఇరవై నిమిషాలు నడపాలి. ఐడిల్‌లో వదిలేసి టైమింగ్ చూద్దామనుకుంటే క్యామ్ మీది లోబ్‌లు (లిఫ్టర్లను తోసే ఉబ్బులు) అరిగిపోతాయి. ఆపాక ఆయిల్ దింపి, ఫిల్టర్ కోసి మడతలు విప్పి చూడండి. బూడిద రంగు పేస్ట్ మరక ఉంటే సరే. ఎండలో తళుక్కుమనే రజను కనిపిస్తే మళ్లీ స్టార్ట్ చేయకండి.