కోతల కాలానికి ముందు లారీ సైలెన్సర్ మార్చేవారు తీసుకోవలసిన జాగ్రత్తలు

రబీ కోతలు మొదలయ్యాక లారీకి తీరిక దొరకదు. మిరప బస్తాలు గుంటూరు యార్డుకు, ధాన్యం మిల్లులకు, వరిగడ్డి పాడి ఉన్న ఊళ్లకు చేరవేయాలి. అందువల్ల చాలామంది యజమానులు వేసవి ముదరకముందే లారీని షెడ్డులో పెట్టి మరమ్మతులన్నీ ముగిస్తారు. సైలెన్సర్ మార్పు కూడా అప్పుడే జరుగుతుంది. పాతది తుప్పు పట్టిందనో, పికప్ తగ్గిందనో, కంపెనీ సామాను ధర భరించలేకనో బయటి తయారీ సైలెన్సర్ కోసం చూడడం తప్పు కాదు. అయితే ఏ లారీకి ఏది సరిపోతుందో తెలియకుండా కొంటే, ఆదా చేసిన డబ్బుకు ఎన్నో రెట్లు టర్బోకూ (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే భాగం) ఇంజిన్‌కూ ఖర్చు పెట్టవలసి వస్తుంది.

ముందుగా మీ లారీ ఏ కాలుష్య ప్రమాణం (బీఎస్, అంటే భారత్ స్టేజ్) కిందికి వస్తుందో ఆర్‌సీలో చూసుకోండి. దేశమంతటా 2017 ఏప్రిల్ 1 నుంచి బీఎస్‌-4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్‌-6 అమలులోకి వచ్చాయి. బీఎస్‌-3 లారీలో సైలెన్సర్ పని చాలావరకు శబ్దం తగ్గించడమే కాబట్టి, కొలతలు కుదిరి రేకు మందంగా ఉంటే బయటి తయారీ సరుకుతో పెద్దగా ఇబ్బంది ఉండదు. బీఎస్‌-4 లారీల్లో రెండు రకాలున్నాయి. కొన్ని పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ పద్ధతితో వచ్చాయి, మరికొన్ని యూరియా ద్రావణం చల్లే ఎస్‌సీఆర్ పద్ధతితో వచ్చాయి. యూరియా ట్యాంకు ఉన్న లారీకి, అది లేని లారీ సైలెన్సర్ బయటికి ఒకేలా కనిపించినా పనికిరాదు.

బీఎస్‌-6 లారీ సంగతి పూర్తిగా వేరు. మనం సైలెన్సర్ అని పిలిచే ఆ పెద్ద పెట్టెలో మొదట పొగలోని విషవాయువులను తగ్గించే ఆక్సిడేషన్ క్యాటలిస్టు, తరువాత మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టరు, ఆపై నైట్రోజన్ ఆక్సైడ్లను విడగొట్టే ఎస్‌సీఆర్ క్యాటలిస్టు ఉంటాయి. వీటి ముందూ వెనకా ఉండే ఉష్ణోగ్రత సెన్సర్లు, నైట్రోజన్ ఆక్సైడ్లను కొలిచే నాక్స్ సెన్సర్లు, ఫిల్టరులో ఎంత మసి పేరుకుందో చెప్పే ప్రెజర్ సెన్సరు క్షణక్షణం ఇంజిన్ కంప్యూటరుకు సమాచారం పంపుతుంటాయి. మసి ఎక్కువైనప్పుడు పొగ వేడిని సుమారు 600 డిగ్రీల సెల్సియస్ వరకు పెంచి కంప్యూటరే దానిని కాల్చివేస్తుంది. దీనినే రీజెనరేషన్ అంటారు. కాబట్టి బీఎస్‌-6 లారీకి ఖాళీ సైలెన్సర్ బిగించడమంటే శబ్దం మారడంతో ఆగే పని కాదు. కంప్యూటరు తప్పును గుర్తించి ఇంజిన్ బలాన్ని దశలవారీగా తగ్గిస్తుంది. అది నిండు లోడుతో ఎత్తు ఎక్కుతున్నప్పుడు జరిగితే డ్రైవరు పరిస్థితి ఎలా ఉంటుందో యజమాని ఆలోచించాలి.

ఇక్కడే కొందరు లోపలి ఫిల్టరును పగలగొట్టి తీసేసి, కంప్యూటరును మభ్యపెట్టే చిన్న పెట్టె తగిలిస్తే యూరియా ఖర్చు ఉండదని, మైలేజీ పెరుగుతుందని చెబుతారు. దయచేసి ఆ మాట వినకండి. లోపలి క్యాటలిస్టును పగలగొట్టినప్పుడు లేచే ధూళి ఊపిరితిత్తులకు హానికరం. ఆ పనికి పూనుకునేది చాలాచోట్ల మాస్కు కూడా లేని కుర్రవాడే. చట్టం కూడా దీనిని ఒప్పుకోదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధమైన మార్పులను నిషేధిస్తుంది. అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి 182ఎ సెక్షన్ కింద 6 నెలల వరకు జైలు గాని, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే 190వ సెక్షన్ కింద మొదటిసారే 3 నెలల వరకు జైలు గాని, 10,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. పైగా 3 నెలలు లైసెన్సుకు అనర్హత ఉంటుంది. లారీకి నిప్పంటుకుంటే బీమా సంస్థ వారు మొదట వెతికేది ఇలాంటి మార్పులనే.

కొనేటప్పుడు పాత సైలెన్సర్‌ను కంటితో చూసి పోల్చితే చాలదు. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు చెప్పి సరైన పార్టు నంబరు రాయించుకుని, కొనబోయే సరుకు ఆ నంబరుకు బదులుగా తయారైనదేనని బిల్లు మీద రాయమనండి. గొట్టం లోపలి వ్యాసం కంపెనీ కొలతకన్నా తగ్గితే పొగ వెనక్కి తన్ని టర్బో వేడెక్కుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది. యూరియా పడే గొట్టాలకు మామూలు ఇనుప రేకు వాడకూడదు, యూరియా దానిని త్వరగా తినేస్తుంది. అక్కడ స్టెయిన్‌లెస్ స్టీలే ఉండాలి. కాకినాడ, విశాఖ, కృష్ణపట్నం రేవులకు తిరిగే లారీలకు ఉప్పుగాలి కూడా తోడవుతుంది కనుక గొట్టాలతో పాటు క్లాంపులు, బ్రాకెట్లు సైతం తుప్పు పట్టనివే ఎంచుకోవాలి. ఆటోనగర్లలో సెకండ్ హ్యాండ్ పెట్టెలు చవకగా దొరుకుతాయి గాని, వాటిలో కొన్ని లోపల బోలుగా ఉంటాయి. రెండు వైపుల నుంచి టార్చి వేసి చూడకుండా, బరువు తూచకుండా తీసుకోవద్దు.

బిగింపులో ఎక్కువమంది పట్టించుకోనిది టర్బో తరువాత వచ్చే బెలో, అంటే వంగే ముడతల గొట్టం. ఇంజిన్ అదురును సైలెన్సర్ వరకు పోకుండా ఆపేది ఇదే. పొడవు చాలని బెలోను లాగి బిగిస్తే కొద్ది నెలల్లోనే పగులుతుంది. అక్కడ కారే పొగ క్యాబిన్‌లోకి చేరే ప్రమాదం ఉంది. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు గాని, వాసన గాని ఉండదు కాబట్టి, ఇంజిన్ ఆన్ చేసి క్యాబిన్‌లో నిద్రపోయే డ్రైవరుకు, క్లీనరుకు అది ప్రాణాంతకం కావచ్చు. పాత గాస్కెట్టును మళ్లీ వాడకండి. డీజిల్ గొట్టానికి ఎగ్జాస్ట్ గొట్టం కనీసం 35 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమాలు చెబుతున్నాయి. ఇది కనీసం మాత్రమే, వీలైతే ఇంకా దూరంగా ఉంచి మధ్యలో హీట్ షీల్డు వేయించండి.

ఎగ్జాస్ట్ బ్రేకు ఉన్న లారీల యజమానులు మరొక విషయం గమనించాలి. ఆ బ్రేకు ఎగ్జాస్ట్ గొట్టంలోని వాల్వును మూసి, లోపలి పొగ ఒత్తిడితోనే ఇంజిన్‌ను పట్టి ఉంచుతుంది. వాల్వుకు ముందున్న జాయింటు ఏ మాత్రం వదులుగా ఉన్నా ఒత్తిడి బయటికి పోయి పట్టు తగ్గుతుంది. చదును రోడ్డు మీద ఈ లోపం తెలియకపోవచ్చు. శ్రీశైలం ఘాటులోనో, మారేడుమిల్లి దగ్గరో దిగుతున్నప్పుడు భారమంతా చక్రాల బ్రేకుల మీద పడి అవి కాలిపోయే స్థితి వస్తుంది. అందుకని కొత్త గొట్టం బిగించాక ఖాళీ లారీతో వాలు మీద ఎగ్జాస్ట్ బ్రేకును పరీక్షించే వరకు లోడు ఎత్తకూడదు.

వెల్డింగ్ అవసరమైతే ముందు బ్యాటరీ తీగలు, ఇంజిన్ కంప్యూటరు కనెక్టరు తీయించి, ఎర్త్ క్లాంపును వెల్డింగ్ చేసే చోటికి దగ్గరగా పెట్టించాలి.

వరిగడ్డి, పత్తి తోలే లారీలకు నా హెచ్చరిక గట్టిది. గడ్డి పోచలు ఛాసిస్ మీదికి, సైలెన్సర్ మీదికి రాలి పేరుకుంటాయి. రీజెనరేషన్ వేడికి అవి రాజుకోవడానికి ఎంతోసేపు పట్టదు. ప్రతి లోడు దించాక సైలెన్సర్ చల్లారనిచ్చి, చుట్టుపక్కల ఊడ్చి శుభ్రం చేయాలి. రీజెనరేషన్ దీపం వెలిగినప్పుడు కళ్లంలో గాని, ఎండుగడ్డి మీద గాని, గడ్డివాముల దగ్గర గాని లారీ ఆపకూడదు. మట్టినేల మీదో తారు రోడ్డు మీదో జనానికి ఎడంగా నిలపాలి. నిప్పునార్పే సిలిండరు క్యాబిన్‌లో చేతికి అందేలా ఉండాలి.

కొత్త సైలెన్సర్ ఆయుష్షు యూరియా మీద, ఇంజిన్ ఆయిలు మీద కూడా ఆధారపడుతుంది. ట్యాంకులో పోయవలసినది 32.5 శాతం శుద్ధ యూరియా ద్రావణం మాత్రమే. పొలానికి చల్లే యూరియాను నీళ్లలో కలిపి పోయడం కొన్నిచోట్ల జరుగుతోంది. ఆ యూరియాకు 2015 నుంచి వేపనూనె పూత తప్పనిసరి అయింది. ఆ నూనె, ఎరువులోని మలినాలు, బోరు నీటిలోని లవణాలు కలిసి నాజిల్‌ను మూసివేసి క్యాటలిస్టును పాడుచేస్తాయి. రైతు కోసం సబ్సిడీపై ఇచ్చిన ఎరువును అలా మళ్లించడం నేరం కూడా. ఆయిలు విషయంలో డీపీఎఫ్‌కు తగిన తక్కువ బూడిద రకాన్నే పోయించండి.

అంతా బిగించాక స్కానరు పెట్టించి పాత తప్పుల కోడ్‌లు తుడిపించి, ఖాళీ లారీని ఒక పూట నడిపి మళ్లీ స్కాన్ చేయించండి. ఇంజిన్ చల్లారాక ప్రతి జాయింటు దగ్గర మసి మరకలు వెతకండి. మరక కనిపించిన చోట పొగ కారుతున్నట్టే. వేడికి సాగి వదులైన క్లాంపులను మొదటి వారంలోనే మరోసారి బిగించి, ఆ తరువాతే కోతల లోడుకు ఒప్పుకోండి.